నాలుగో ముక్క

నాకు నిద్ర ముంచుకొస్తుంటేనే బుర్ర పనిచేస్తుంది. ఇది గొప్పకి చెప్పుకునే సంగతి కాదు. పోలీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ దీనివల్లే చీవాట్లు తిన్నాను, దీనివల్లే అసలు పేరు మరుగునపడి ‘కునుకు’ అనే పేరు మిగిలింది. కళ్ళు మూతపడబోయే ముందు ఒక అర నిమిషం వస్తుంది చూడండి, గదిలోని వస్తువులన్నీ ఒకదానికొకటి దూరంగా జరిగి, మెత్తగా, ఎవరో ఇప్పుడే కడిగి పెట్టినట్టు కనిపిస్తాయి. నేను తేల్చిన కేసులన్నీ ఆ అర నిమిషంలో తేల్చినవే.

ఆ రోజు పదకొండు ఇరవైకి ఆస్పత్రి కింది అంతస్తులోని ల్యాబులో అడుగుపెట్టగానే ఆ అర నిమిషం మొదలైంది, మళ్ళీ రెండు గంటలదాకా నన్ను వదల్లేదు. తప్పంతా ఆ గదిది. కరిగిన మైనం వెచ్చటి వాసన, దాని వెనక ఏదో మందు తియ్యటి వాసన. కిటికీలోంచి పడ్డ ఎండ నేలమీద అలాగే పడుకుని ఉంది. మాట్లాడినా గొంతు పైకి లేవదు. ఆ గదిలో కుర్చీ దొరకడమే నా అదృష్టం, దొరకగానే నిద్రపోకపోవడం నా పుణ్యం.

సరిగ్గా రెండింటికి మూడో అంతస్తులో ఒకావిడ స్వరపేటిక తీసేస్తారు. పొద్దున్నే ఆరింటికి రేడియోలో వార్తలు చదివే మనిషి ఆవిడ. ఇరవై ఏళ్ళుగా చాలామంది ఆ గొంతు విని లేస్తున్నారు, నేను ఆ గొంతు విని మళ్ళీ పడుకుంటున్నాను. మూడు వారాల క్రితం గొంతు బొంగురుపోయిందని ఆస్పత్రికి వచ్చింది. ముక్క తీసి చూసి క్యాన్సరన్నారు. స్కానులో కాస్త వాపు కనిపిస్తే, రిపోర్టు చేతిలో ఉంది కాబట్టి ఆ వాపు కూడా క్యాన్సరైపోయింది. మొత్తం తీసెయ్యాలన్నారు. నిన్న ఆవిడ స్టూడియోలో కూర్చుని, తన కూతురికి ముందుముందు కావలసిన మాటలన్నీ రికార్డు చేసుకుందట. లే, టైమైంది. తలుపు గడియ వేసుకో. నేనున్నాగా, ఎందుకేడుస్తావు.

ఈ సంగతి నాకు చెప్పింది ఆవిడ చెల్లెలు. బట్టలు కుట్టే మనిషి. మెడలో కొలతల టేపు తియ్యడం కూడా మర్చిపోయి పొద్దున్నే మా గుమ్మంలో నిలబడి, నా చేతిలో ఒక కాగితం పెట్టింది. నిన్న వాళ్ళింటి తలుపు సందులో దొరికిందట. అందులో రెండే వాక్యాలు. ఆపరేషన్ చేయించకండి. స్లైడు మీద ఉన్నది మీ మనిషిది కాదు.

సర్జనమ్మకి చూపించావా అని అడిగాను. చూపించిందట. ఆకాశరామన్న ఉత్తరాలకి భయపడి కత్తి కిందపెడితే ఇంక ఎవరికీ ఆపరేషన్ చెయ్యలేనందట ఆ సర్జనమ్మ. అదీ నిజమే మరి. చెల్లెలు ఏడవలేదు, బతిమాలలేదు. “అన్నయ్యా, ఇది అబద్ధమని తేల్చినా చాలు, అక్కని ధైర్యంగా లోపలికి పంపుతాను,” అంది. దాంతో నాకు నిద్ర వదిలింది, అదే ఇబ్బంది.

కాగితాన్ని బస్సులో మూడుసార్లు చూశాను. పెన్సిల్‌తో రాసింది. ఈ రోజుల్లో బడి పిల్లలు తప్ప పెన్సిల్‌తో ఎవరు రాస్తారు?

ల్యాబులో ఉన్నది ఒక్క మనిషే. యాభై దాటిన ఆవిడ. ఇరవై రెండేళ్ళుగా అక్కడే ఉందిట, అందరూ మైనం అక్క అంటారు. రోగుల దగ్గర తీసిన ముక్కల్ని మైనపు దిమ్మల్లో పొదిగి, ఆ దిమ్మల్ని కోసి, స్లైడ్ల మీదకెక్కించి, రంగు వేసి డాక్టర్లకి ఇవ్వడం ఆవిడ పని. నేనెవరో చెప్పాను. ఆవిడ చేతులు ఆగాయి గాని మొహం మారలేదు. అంత ఓర్పున్న మొహాన్ని గద్దించి లాభం లేదనిపించింది. నాకూ ఒకటి కోసి చూపించమ్మా, ఎప్పుడూ చూడలేదు అన్నాను.

చూపించింది. చిన్న యంత్రం. చక్రం ఒక్కసారి తిప్పితే దిమ్మ మీంచి ఒక పొర లేస్తుంది, ఇంకోసారి తిప్పితే దానికి అంటుకుని ఇంకోటి. అలా ఒక రిబ్బనంత అయ్యాక కుంచెతో ఎత్తి, పక్కనే ఉన్న గోరువెచ్చటి నీళ్ళ తొట్టిలో వదిలింది. నీళ్ళ మీద పడగానే ముడతలన్నీ వాటంతటవే విడిపోయాయి. పాల మీద మీగడలా తేలింది. ఆవిడ గాజుపలకని నీళ్ళలోకి వాల్చి, ఆ పొర కిందికి తెచ్చి, మెల్లగా పైకెత్తింది. పొర వచ్చి పలక మీద పడుకుంది. అది చూస్తుంటే నాకు ఎక్కడున్నానో తెలియలేదు. ఒక మనిషి చావు బతుకులు ఇంత నెమ్మదిగా, ఇంత చడీచప్పుడు లేకుండా నీళ్ళ మీద తేలుతుంటాయని ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాదు.

తర్వాత ఆవిడ ఒక పల్చటి కాగితం తీసి నీళ్ళ మీద పరిచి, ఈ అంచు నుంచి ఆ అంచుకి లాగేసింది. అదెందుకని అడిగాను. పాత ముక్క ఏదైనా నీళ్ళ మీద మిగిలితే ఆ కాగితానికి అంటుకుని వచ్చేస్తుందట. దిమ్మకీ దిమ్మకీ మధ్య తప్పకుండా చెయ్యాలట. చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు.

రిజిస్టరు అడిగాను. రేడియో ఆవిడ ముక్కలు కోసిన రోజు పేజీ తీశాను. ప్రతి దిమ్మ కోసి ముగించిన టైము వరసగా రాసి ఉంది. తొమ్మిది పది. తొమ్మిది ఇరవై ఐదు. తొమ్మిది నలభై. తొమ్మిది నలభై ఏడు. పది రెండు. వెనక పది రోజులు తిరగేశాను. ఎక్కడ చూసినా దిమ్మకి పదిహేను నిమిషాలు, నిమిషం అటూ ఇటూ. ఈ ఒక్కచోటే ఏడు నిమిషాలు. నలభై ఏడుది రేడియో ఆవిడ దిమ్మ.

టైము రాసుకోవాలి, పెన్ను ఉందామ్మా అని అడిగాను. లేదంది. “ఇక్కడ పెన్ను పనికిరాదు సార్. మందుల్లో ముంచితే రాతంతా పోతుంది. మేమంతా పెన్సిలే.” చెబుతూనే తన పెన్సిలు నా వైపు జరిపింది.

నేను జేబులోంచి ఆ కాగితం తీసి రిజిస్టరు పక్కన పెట్టాను. అక్షరాలు ఒకేలా ఉన్నాయో లేదో చూడ్డానికి నిపుణులు అక్కర్లేదు. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

“చెబితే ఉద్యోగం పోతుంది సార్, ఇంకా రెండేళ్ళుంది. చెప్పకపోతే ఆవిడ గొంతు పోతుంది. అందుకని సగం చెప్పాను,” అంది.

మిగతా సగం అడిగాను. తొమ్మిది నలభై దిమ్మ మందు డాక్టరుగారి పరీక్షలోదట. మందు డాక్టరంటే నాలుక క్యాన్సరుకి కొత్త మందు కనిపెట్టి, ముప్ఫై ఒక్కమంది మీద వాడి చూస్తున్న పెద్దమనిషి. మందు వాడాక నాలుక నుంచి ముక్క తీసి చూస్తారు. అందులో జబ్బు మిగల్లేదంటే ఆపరేషన్ లేకుండా ఇంటికి పంపేస్తారు. వాళ్ళందరికీ పేర్లు లేవు, నంబర్లే. ఆ రోజుది పదిహేడో నంబరు. ఎప్పుడూ ల్యాబులోకి రాని మందు డాక్టరు ఆ రోజు వచ్చి ఆవిడ భుజం దగ్గర నిలబడ్డాడట. పొర నీళ్ళ మీదినుంచి ఎక్కీ ఎక్కకముందే తడి స్లైడు, దిమ్మ రెండూ తీసుకుని, ఇది నేను చూసుకుంటాను, నువ్వు తర్వాతది కానివ్వు అన్నాడట. ఆయన తొందర చూసి కంగారుపడి, కాగితం లాగడం మర్చిపోయి, తర్వాతది సగం టైములోనే కోసేసింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి.

“మర్చిపోయానని ఎప్పుడు తెలిసింది?”

“వారం క్రితం సార్. ఫైల్లో చూశాను. ఆవిడ దగ్గర తీసింది మూడు ముక్కలు. నా స్లైడు మీద నాలుగున్నాయి.”

స్లైడు తెప్పించుకుని మైక్రోస్కోపు కింద పెట్టాం. నాకు అందులో ఏమీ తెలియదని ముందే చెప్పాను. తెలియకపోవడమే మంచిదైంది. గులాబీ రంగు, ఊదా రంగు, మబ్బుల్లాంటి మరకలు. చూస్తూ ఉంటే కళ్ళు బరువెక్కాయి. ఒకటి, రెండు, మూడు. ఇవి మూడూ ఒక కుదురుగా, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. నాలుగోది అంచున వంకరగా పడి ఉంది. దాని ఒక పక్క వెంట సన్నటి గీత ఉంది, ఆకుపచ్చ గీత. ఇక్కడ ఈ ఆకుపచ్చ ఏమిటమ్మా అని నిద్రమత్తులోనే అడిగాను.

మైనం అక్క వంగి చూసింది. చాలాసేపు చూసింది. మందు డాక్టరు పరీక్షలో ముక్కలకి మాత్రం ఏ అంచు ఏ పక్కదో తెలియాలని ఆకుపచ్చ రంగు పూస్తారట. ఏ మందుల్లో ముంచినా పోని రంగు. ఇంకెవరి ముక్కలకీ ఆ రంగు పూయరు. రేడియో ఆవిడవి బియ్యపు గింజంత ముక్కలు, వాటికి ఏ రంగూ ఉండదు.

క్యాన్సరు ఎందులో ఉందని అడిగాను. ఆ గీత ఉన్నదాంట్లోనే ఉందంది. మూడింటిలో లేదు. ఎప్పుడూ స్లైడ్లు చూసే పెద్ద డాక్టరు సెలవులో ఉంటే, ఆయన బదులొచ్చినాయన నాలుగూ ఒకరివే అనుకుని రిపోర్టు రాసేశాడు. ఫైల్లో మూడని ఉంటే స్లైడు మీద నాలుగెందుకున్నాయని లెక్కపెట్టుకోలేదు.

గడియారం చూశాను. పన్నెండు నలభై. తలుపు తోసుకుని మా తోడల్లుడు లోపలికొచ్చాడు.

మా తోడల్లుడు ఆ ఆస్పత్రికి నిఘా అధికారి. మా ఆవిడ అక్క మొగుడు కాబట్టి నాకంటే మూడేళ్ళు చిన్నవాడైనా అన్నయ్యగారూ అనే పిలవాలి, మీరు అనే అనాలి. ఆయన మటుకు నన్ను కునుకు అంటాడు. పోలీసు ఉద్యోగంలో ఇద్దరం ఒకే మెట్టు మీద మొదలయ్యాం, ఆయన ఎక్కాడు, నేను దిగాను. ఇంట్లో భోజనానికి కూర్చున్నా నన్ను దొంగని చూసినట్టే చూస్తాడు.

వస్తూనే స్లైడు తీసి డబ్బాలో పెట్టాడు, రిజిస్టరు చంకలో పెట్టుకున్నాడు. ఎవరో స్లైడ్లు మార్చారని ఆయనకీ ఉప్పందిందిట. ఎవరు మార్చారో కూడా ఆయనే తేల్చేశాడు. ఏడు నిమిషాల్లో దిమ్మ కోయడం ఎవరివల్లా కాదు, కాబట్టి కొయ్యలేదు, పాత స్లైడుకి కొత్త నంబరు వేసిందన్నాడు. ఎందుకు వేసిందని అడిగితే, అది ఆవిడే చెబుతుందన్నాడు. మైనం అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని కిటికీలో ఎండని చూస్తూ కూర్చుంది.

ఆకుపచ్చ గీత సంగతి చెప్పాను. వినలేదు. స్లైడు సాక్ష్యం కాబట్టి సీలు వేసి, రేపు పదింటికి కమిటీ ముందు విప్పుతానన్నాడు.

“రేపు పదింటికి ఆవిడ గొంతు ఈ గదిలోనే ఒక సీసాలో ఉంటుంది అన్నయ్యగారూ. మైనం పోయడానికి సిద్ధంగా.”

“ఆపరేషన్ నా పని కాదు. నేరం నా పని.”

“సరే, నేరమే అనుకుందాం. ఈవిడ స్లైడు మార్చిందంటారు మీరు. నీళ్ళలో వేరే ముక్క కలిసిందంటాను నేను. మీ మాట నిజమైతే ఈ క్యాన్సరు ఆవిడది కాదు. నా మాట నిజమైనా ఆవిడది కాదు. మరి ఎవరి మాట ప్రకారం కోస్తున్నారు ఆవిణ్ణి?”

 ఆయన మొండివాడే గాని తెలివితక్కువవాడు కాదు, అది నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు గాని నిజం. డబ్బా మీద బొటనవేలితో రెండు మూడుసార్లు కొట్టాడు. గడియారం ఒంటిగంట ఐదు చూపిస్తోంది. “పదండి పైకి,” అన్నాడు. ఆ ‘పదండి’ నన్ను కలుపుకుని అన్నదో, మైనం అక్కని మాత్రమే అన్నదో తెలియలేదు. ముగ్గురం వెళ్ళాం.

మూడో అంతస్తులో ఆపరేషన్ గది బయట, గోడవారన చక్రాల మంచం మీద రేడియో ఆవిడ పడుకుని ఉంది. నిద్రకి ముందు ఇచ్చే మందు అప్పటికే ఇచ్చారు. కళ్ళు సగం తెరిచి పైకప్పులో దీపాలని చూస్తోంది. చెల్లెలు ఆవిడ పాదాలు పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి ఏమైందని అడగలేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందో అని భయం. నేనూ ఏమీ చెప్పలేదు, నాకూ అదే భయం.

ఆపరేషన్ మధ్యలో ముక్కలు చూసుకోవడానికి ఆ పక్క గదిలోనే ఒక మైక్రోస్కోపు ఉంటుంది. సర్జనమ్మ చేతులు కడుక్కోబోతూ వచ్చింది. మమ్మల్ని చూసి చిరాకుపడింది. ఐదు నిమిషాలిస్తానంది. మా తోడల్లుడు డబ్బా తనే తెరిచి స్లైడు తనే పెట్టాడు, ఫైల్లో మూడు ముక్కలని రాసిన చోట వేలు పెట్టి చూపించాడు. మైనం అక్క తన తప్పు తనే చెప్పింది. ఒక్క మాట మింగలేదు. సర్జనమ్మ కళ్ళు పెట్టి చూసింది.  కారిడారులో చక్రాల చప్పుడు ఎక్కడో నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టుంది.

చాలాసేపటికి తలెత్తి, ఈ మూడూ మామూలు బొడిపెలోవి, రోజూ గొంతు వాడేవాళ్ళకి వచ్చేవే అంది. తనకి రిపోర్టే ఇచ్చారట, స్లైడు ఎవరూ చూపించలేదట. మొహం కందిపోయింది. “ఈ గొంతుని ఇవాళ నేను ముట్టుకోను. మళ్ళీ ముక్క తీసి నా కళ్ళతో చూసేదాకా ఎప్పుడూ ముట్టుకోను.” ఒంటిగంట ముప్ఫై ఎనిమిది.

చెల్లెలు అప్పుడు ఏడ్చింది. గోడకి ఆనుకుని, టేపు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను మంచం దగ్గరికి వెళ్ళి రేడియో ఆవిడకి చెప్పాను. అది క్యాన్సరు కాదనుకుంటున్నారమ్మా, ఆపరేషన్ ఆపేశారు. ఆవిడకి ఎంత అర్థమైందో తెలియదు. మందు మత్తులో నవ్వింది. ఆరు గంటల వార్తల్లో వినే గొంతే, కాస్త బొంగురుగా, చెవి దగ్గర వినడం అదే మొదటిసారి.

“మరి అది ఎవరిది?”

ఎవరూ అడగని ప్రశ్న అది. మేం ముగ్గురం ఈ గొంతు చుట్టూనే తిరుగుతున్నాం. క్యాన్సరు ఆవిడది కాకపోతే మాయమైపోదు కదా. ఎవరిదో ఒకరిది. పదిహేడో నంబరుది.

మా తోడల్లుడు రికార్డుల గదికి ఫోను చేశాడు. పదిహేడో నంబరు రిపోర్టు చదివించుకున్నాడు. నాలుకలో జబ్బు ఆనవాళ్ళు లేవు, ఆపరేషన్ అవసరం లేదు. కింద మందు డాక్టరు సంతకం. టైమెంత అని నేనే అడిగాను. అదే రోజు పొద్దున్న పది గంటల ఐదు నిమిషాలు.

“అలా ఎలా కుదురుతుంది సార్,” అంది మైనం అక్క మెల్లగా. “తొమ్మిది నలభైకి తడి స్లైడు తీసుకెళ్ళారు. ఆరాలి, మైనం కరగాలి, రంగు పట్టాలి. ఎంత తొందరపడ్డా గంటన్నర. పదీ ఐదుకి ఆ స్లైడు మీద ఎవరికీ ఏమీ కనిపించదు.”

అంటే చూడకుండా రాశాడు. చూస్తే ఏం కనిపిస్తుందో తెలిసి, చూడకుండా రాశాడు. స్లైడు పట్టుకుపోయాడు, దిమ్మ పట్టుకుపోయాడు. నీళ్ళ మీద ఒక ముక్క మిగిలిపోయిందని మటుకు ఆయనకి తెలియదు. మేం ఇక్కడ మాట్లాడుకుంటున్న ఈ సమయానికి ఆయన ఎక్కడో దూరదేశంలో సదస్సులో నిలబడి, ముప్ఫై ఒక్కమందిలో ముప్ఫై ఒక్కరికీ నయమైందని చెబుతున్నాడని సర్జనమ్మ అంది. ఆ మాట అని కుర్చీలో కూర్చుండిపోయింది. వాళ్ళలో చాలామంది ఆపరేషన్లు ఆ రిపోర్టులు చూసి రద్దు చేసింది ఆవిడే.

పదిహేడో నంబరు ఇంటి ఫోను నంబరు రికార్డుల గది నుంచి వచ్చింది. మా తోడల్లుడు నంబరు కలిపి, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టాడు. మాట్లాడమని నాకు సైగ చేశాడు.

ఎత్తింది భర్త. హుషారైన గొంతు. ఆవిడ ఇంట్లో లేదట, చెల్లెలి ఊరికి వెళ్ళిందట, ఆరు నెలల తర్వాత మొదటిసారి గడప దాటిందట. కాస్త మింగడం కష్టంగా ఉందంటోందిగాని మనిషి బాగుందండీ అన్నాడు. ఆస్పత్రి నుంచి మాట్లాడుతున్నామని చెప్పాను, వెంటనే ఒకసారి రమ్మనాలన్నాను.

“అదేంటండీ. నిన్ననే మీవాళ్ళు ఇద్దరు వచ్చి ఫైలూ స్కానులూ అన్నీ తీసుకెళ్ళారు కదా. ఇక చూపించుకోవడానికి ఎప్పుడూ రానక్కర్లేదన్నారు. కాగితం కూడా చూపించారు. మీ నిఘా అధికారిగారి సంతకం ఉంది.”

నేను తలెత్తలేదు. ఫోను మీదే కళ్ళు పెట్టి, ఆవిణ్ణి ఇవాళే తీసుకురమ్మని, ఆలస్యం చెయ్యొద్దని, అర్థమయ్యేలా రెండుసార్లు చెప్పి పెట్టేశాను.  ఇంట్లో పండక్కీ పబ్బానికీ పక్కన కూర్చుని తినే మనిషి మొహం అప్పుడు చూడాలనిపించలేదు.

“మందు డాక్టరు సదస్సుకి వెళ్ళేముందు కాగితాల కట్ట పంపాడు,” అన్నాడు ఆయన. “పాత ఫైళ్ళు తెప్పించుకోవడానికి అన్నాడు. చదవలేదు. ఒక్కటీ చదవలేదు తమ్ముడూ, ముప్ఫై ఒక్క కాగితాల మీద సంతకం పెట్టాను.”

పెళ్ళయిన పాతికేళ్ళలో ఆయన నన్ను తమ్ముడూ అనడం అదే మొదలు. నాకు సంతోషం కలగలేదు. ఆ ఇద్దరు మనుషులు ఇంకా ఎన్ని ఇళ్ళకి వెళ్ళాలని అడిగాను.

“నంబర్ల వరసలో వెళ్తున్నామని నిన్న సాయంత్రం వాళ్ళే నాకు లెక్క చెప్పారు. పదిహేడు దాకా నిన్న అయ్యాయి,” అన్నాడు. “మిగతా పధ్నాలుగూ ఇవాళ.”